అమెరికా వీసాకు జామీను సంతకం: అడిగేవారు, పెట్టేవారు తెలుసుకోవలసినవి



సొసైటీలకు వచ్చే అర్జీల్లో బడి ఫీజులు, మందుల ఖర్చులు, పెళ్లి సాయం ఎప్పుడూ ఉండేవే. వాటితోపాటు ఇప్పుడు ఇంకో రకం అభ్యర్థన కూడా వినబడుతోంది. "అమ్మాయికి నికాహ్ అయింది. అల్లుడు అమెరికాలో ఉన్నాడు. ఆదాయం చాలదని వీసా ఆగింది. మీ దాతల్లో అక్కడ ఉన్నవారెవరైనా స్పాన్సర్‌గా సంతకం పెడతారా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. అడిగేవారికి ఆ సంతకం బరువు తెలియదు. సరేననేవారిలోనూ చాలామందికి తెలియదు. బడిలో పాఠం చెప్పడం మా వృత్తి కాబట్టి, ఈ సంగతిని కూడా ఒక పాఠంలాగే విడమరిచి చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా ఒక స్పష్టత. హెచ్-1బి ఉద్యోగంలో ఉన్న అబ్బాయి భార్యను హెచ్-4 వీసా మీద తీసుకువెళ్లడం వేరే దారి. దానికి ఈ ఫారంతో పని లేదు. ఇక్కడ మేము చెబుతున్నది అమెరికా పౌరుడు గాని, గ్రీన్‌కార్డు ఉన్నవాడు గాని తన భార్యను శాశ్వత నివాసానికి పిలుచుకునే వీసా గురించి. భార్య అక్కడ ఉండి భర్తను పిలుచుకున్నా నియమాలు ఇవే.

ఈ కాగితం ఏమిటి?

గల్ఫ్ ఫ్యామిలీ వీసా మన ఇళ్లలో చాలామందికి పరిచయమే. దుబాయ్‌లో భార్యను పిలుచుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం గాని, 3,000 దిర్హాముల జీతంతోపాటు వసతి గాని చూపాలి. అక్కడ భార్య వీసా భర్త ఉద్యోగాన్ని పట్టుకుని ఉంటుంది. అమెరికా పద్ధతి అలా కాదు. అక్కడ జీతం చూడడంతో సరిపెట్టరు, జామీను రాయించుకుంటారు.

ఆ జామీను పత్రం పేరు ఫారం ఐ-864, అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్. 1996లో చేసిన వలస చట్టం దీనికి ఆధారం. 1997 డిసెంబరు 19 నుంచి ఇది కోర్టులో చెల్లే ఒప్పందం అయింది. "వచ్చే మనిషి ప్రభుత్వం మీద భారం కాకుండా నేను పోషిస్తాను" అని స్పాన్సర్ అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చే మాట ఇది. స్పాన్సర్‌కు 18 ఏళ్లు నిండాలి. అమెరికాలో నివాసం ఉండాలి. అమెరికా పాస్‌పోర్టు ఉండి సౌదీలోనో ఖతర్‌లోనో కాపురం ఉంటున్నవారైతే, తిరిగి అమెరికాలో స్థిరపడుతున్నట్టు ఆధారాలు చూపాలి.

ఎంత ఆదాయం కావాలి?

అమెరికా ప్రభుత్వం ఏటా పేదరికపు గీత ఎంతో ప్రకటిస్తుంది. స్పాన్సర్ ఆదాయం ఆ గీతకు 125 శాతం ఉండాలి. సైన్యంలో పనిచేస్తున్నవారు భార్యాబిడ్డలను పిలుచుకుంటే 100 శాతం చాలు. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి ఏడాదికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187 డాలర్లు కావాలి. అలాస్కా, హవాయి రాష్ట్రాలకు ఇంకా ఎక్కువ. ఈ అంకెలు ప్రతి ఏడాదీ మారతాయి. ఐ-864పి అనే పట్టికలో ఆ ఏటి అంకె చూసుకోవాలి.

ఇద్దరి లెక్కేగా అని చాలామంది తేలికగా తీసుకుంటారు. చిక్కంతా కుటుంబంలో ఎందరని లెక్కపెట్టడంలో ఉంది. స్పాన్సర్, వచ్చే భార్య, స్పాన్సర్ మీద ఆధారపడ్డ పిల్లలు, పన్ను పత్రంలో ఆధారపడ్డవారిగా చూపినవారు లెక్కలోకి వస్తారు. గతంలో ఇదే ఫారం మీద పిలిపించుకున్నవారు కూడా, ఆ జామీను ఇంకా అమల్లో ఉంటే, లెక్కలో చేరతారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. షికాగోలో ఒక అబ్బాయి ఏడాదికి 35,000 డాలర్లు సంపాదిస్తున్నాడు. అమెరికా పౌరుడు. ఇద్దరికి కావలసింది 26,437 కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాడు. కాని రెండేళ్ల కిందట అమ్మానాన్నలను తనే జామీను ఇచ్చి పిలిపించుకున్నాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ, తనూ, భార్యా కలిసి నలుగురు. కావలసింది 40,187 డాలర్లు. 5,187 డాలర్లు తక్కువ పడింది. తల్లిదండ్రులను గౌరవంగా పిలుచుకున్న కొడుకే ఇక్కడ చిక్కులో పడుతున్నాడు. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడే ఈ లెక్క వేసుకుని ఉంటే ముందు జాగ్రత్త పడేవారు.

ఏది ఆదాయం?

చేతికొచ్చే డబ్బు వేరు, కాగితం మీద కనబడే ఆదాయం వేరు. అధికారి చూసేది ఇటీవలి పన్ను రిటర్ను, యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 పత్రం, జీతం చీటీలు, ఉద్యోగం చేస్తున్నట్టు ఉత్తరం. దుకాణంలో చేతికి రొక్కం తీసుకుని పన్నులో చూపనివారికి ఆ సంపాదన ఇక్కడ అక్కరకు రాదు. సొంతంగా టాక్సీ నడిపేవారికి ఖర్చులన్నీ పోగా మిగిలిన అంకే రిటర్నులో ఆదాయంగా కనబడుతుంది. నెలకు ఎంత పంపిస్తున్నాడన్నదాన్ని బట్టి అల్లుడి ఆదాయాన్ని అంచనా వేయకూడదు.

ఇక్కడ అమ్మాయి చేస్తున్న ఉద్యోగం జీతం కూడా లెక్కకు రాదు. ఆమె అమెరికా వెళ్లాక కూడా అదే సంపాదన కొనసాగేట్టు ఉంటేనే దానికి విలువ. బంధువులు బహుమానంగా ఇచ్చే డబ్బును ఆదాయమనరు. ఫుడ్ స్టాంపుల వంటి ప్రభుత్వ సాయాన్నీ ఆదాయంలో కలపరు.

తక్కువ పడితే దారులు

మొదటిది, అదే ఇంట్లో ఉంటున్న తండ్రి, అన్న, చెల్లెలు వంటివారి ఆదాయాన్ని కలుపుకోవడం. వాళ్లు ఐ-864ఎ అనే ఫారం మీద సంతకం పెట్టాలి. పెట్టాక బాధ్యతలో వాళ్లూ భాగస్థులే.

రెండోది, ఆస్తి చూపడం. ఏడాదిలోపు డబ్బుగా మార్చగల ఆస్తి అయి ఉండాలి. అమెరికా పౌరుడు భార్యను పిలుచుకుంటే తక్కువ పడిన మొత్తానికి మూడు రెట్లు, గ్రీన్‌కార్డు వాడైతే ఐదు రెట్లు చూపాలి. పై ఉదాహరణలో 5,187కు మూడు రెట్లంటే 15,561 డాలర్లు. అబ్బాయి గ్రీన్‌కార్డు వాడైతే 25,935. ఇంటి మీద అప్పుంటే అది తీసేయగా మిగిలిన విలువనే లెక్కిస్తారు. ఉన్న ఒక్క కారును లెక్కించరు. అమ్మాయి పేర పొదుపు గాని స్థలం గాని ఉంటే, సరైన పత్రాలుంటే, దాన్ని కూడా చూపవచ్చు. ఆడపిల్ల పేర ఉన్న ఆస్తి పత్రాలను సరిగా పెట్టుకోవడానికి ఇదొక కారణం.

ఇక్కడ ఒక హెచ్చరిక. నలుగురి దగ్గర చేబదులు తెచ్చి బ్యాంకులో వేసి చూపిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. బ్యాంకు లెక్కలు గడిచిన 12 నెలలవి అడుగుతారు. నిన్న పడిన సొమ్ము నిన్నటిదేనని అందులోనే తెలిసిపోతుంది. పైగా అబద్ధం చెబితే శిక్షకు లోబడతానని ఒప్పుకుని పెట్టే సంతకం అది. అలాంటి పనికి అప్పు ఇవ్వడం సాయం కాదు.

మూడోది, మరొకరి జామీను. దాతలను అడుగుతున్నది దీన్నే.

మరొకరి జామీను

జాయింట్ స్పాన్సర్ బంధువే కానక్కర్లేదు. అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి, అక్కడ కాపురముంటే చాలు. అయితే అబ్బాయి ఆదాయంతో తన ఆదాయం కలిపి చూపడానికి వీల్లేదు. తన కుటుంబాన్ని, వచ్చే అమ్మాయిని కలిపి లెక్కపెట్టి, ఆ మొత్తాన్ని ఒంటరిగా చూపగలగాలి. భార్య, ఇద్దరు పిల్లలున్న దాత ఒక అమ్మాయికి జామీను ఉంటే ఐదుగురి లెక్క వస్తుంది. 2025లో అది 47,062 డాలర్లు. ఇంకో సంగతి, జాయింట్ స్పాన్సర్ దొరికినా భర్త తన ఫారం తాను వేయాల్సిందే. ఆదాయం సున్నా అయినా వేయాలి.

ఈ బాధ్యత ఎంతకాలం? ఆ అమ్మాయి అమెరికా పౌరురాలయ్యేదాకా, లేదా 40 త్రైమాసికాల పని ఆమె ఖాతాలో జమయ్యేదాకా, అంటే సుమారు 10 ఏళ్ల పని. లేకపోతే ఆమె శాశ్వత నివాసం వదులుకుని దేశం విడిచిపోయినప్పుడు, ఇద్దరిలో ఒకరు మరణించినప్పుడు తీరుతుంది. భార్యాభర్తలు విడిపోయినంత మాత్రాన తీరదు. మనసు మార్చుకుంటే వీసా ఇచ్చేలోపే లిఖితపూర్వకంగా వెనక్కు తీసుకోవాలి. ఆమె వీసాతో అమెరికాలో అడుగుపెట్టి శాశ్వత నివాసి అయ్యాక వెనక్కు తీసుకునే వీలు లేదు. ఆ తర్వాత ఇల్లు మారినా 30 రోజుల్లో ఐ-865 ఫారం మీద ప్రభుత్వానికి తెలపాలి. ఆమె ఆదాయాన్ని బట్టి ఇచ్చే కొన్ని ప్రభుత్వ సహాయాలు పొందితే, ఆ సొమ్ము కట్టమని స్పాన్సర్‌ను అడగవచ్చు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అమెరికా సంబంధాలు వచ్చాక జామీను ఉండి చూడు అని మూడోది కూడా చేర్చుకోవాలి. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో మనకు ఆదేశం ఉంది. మాట ఇచ్చేముందు ఆ మాటలో ఏముందో చదవడం ఆ ఆదేశం నేర్పే క్రమశిక్షణే.

ఇది అమ్మాయి హక్కు కూడా

ఈ ఫారం గురించి అందరూ అబ్బాయి వైపు నుంచే మాట్లాడతారు. అమ్మాయి వైపు నుంచి చూస్తే ఇది ఆమె చేతిలో ఉన్న ఆధారం. శాశ్వత నివాసిగా వెళ్లిన భార్యను భర్త వదిలేస్తే, పేదరికపు గీతకు 125 శాతం మేర పోషణ ఇమ్మని ఆమె స్వయంగా కోర్టుకు వెళ్లవచ్చు. ఆమెకు సొంత సంపాదన ఉంటే సాధారణంగా ఆ మేరకు తగ్గిస్తారు. జాయింట్ స్పాన్సర్ మీద కూడా ఈ బాధ్యత ఉంటుంది. మహర్ ఎంతో నికాహ్‌నామాలో చూసుకున్నట్టే, ఈ ఫారం నకలు ఒకటి అమ్మాయి దగ్గర, ఒకటి పుట్టింట్లో ఉంచుకోవాలి. పరాయి దేశంలో ఒంటరిగా మిగిలిన ఆడపిల్లకు తనకేం హక్కుందో తెలియకపోవడం కంటే పెద్ద కష్టం లేదు.

ఫారం సరిగ్గా ఉన్నంత మాత్రాన వీసా ఖాయమని అనుకోకూడదు. వచ్చే మనిషి వయసు, ఆరోగ్యం, కుటుంబ స్థితి, ఆర్థిక స్థితి, చదువు, నైపుణ్యం కూడా చూడమని చట్టం చెబుతోంది. ఆడపిల్లల చదువుకు దాతలు ఇచ్చే ప్రతి రూపాయి ఈ చోట కూడా పనికొస్తుంది.

దాతలు చేయగలిగినవి

అమెరికాలో ఉన్న దాతలు ఎవరికైనా జామీను ఉండదలిస్తే, ఆ కుటుంబాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి. తమ ఇంట్లోవారితో చెప్పి, ఫారం మొదటి నుంచి చివరి దాకా చదివి, వలస చట్టం తెలిసిన వకీలును ఒకసారి అడిగి సంతకం పెట్టాలి. మొహమాటంతో పెట్టవద్దు. వద్దనుకుంటే మొదటే చెప్పడం ఆ కుటుంబానికి కూడా మేలు. చివరి నిమిషంలో వెనక్కు తగ్గితే ఎదురుచూసే పిల్లకు నెలలు నష్టం.

సంతకం పెట్టలేనివారు ఖర్చులో సాయపడవచ్చు. ఫారం తనిఖీకి నేషనల్ వీసా సెంటర్‌కు 120 డాలర్లు, వీసా దరఖాస్తుకు 325 డాలర్లు కట్టాలి. వైద్య పరీక్ష, ఇంటర్వ్యూకు ముంబయి ప్రయాణం అదనం. కూతురి పెళ్లికి ఉన్నదంతా ఊడ్చిపెట్టిన తండ్రికి ఇదేమీ చిన్న మొత్తం కాదు.

ఇక్కడే ఉన్న పెద్దలు చేయగల సాయం ఇంకొకటి ఉంది. సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఇంటి ఫొటో, కారు ఫొటో చూసి మురిసిపోకుండా, ఇంతకుముందు ఎవరికి జామీను ఉన్నాడు, పన్ను రిటర్నులో ఎంత చూపాడు, పౌరుడా గ్రీన్‌కార్డా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న సంకోచం వద్దు. పౌరుడి భార్య వీసాకు సంఖ్యా పరిమితి లేదు, గ్రీన్‌కార్డు వాడి భార్య వరుసలో నిలబడాలి. నికాహ్‌కు ముందు ఒక్క పూట కూర్చుని ఈ లెక్క వేసుకుంటే, తర్వాత అమ్మాయి ఏళ్ల తరబడి పుట్టింట్లో ఫోను చూసుకుంటూ కూర్చునే అవస్థ చాలావరకు తప్పుతుంది.

దాతల ఉదారతను అల్లాహ్ స్వీకరించుగాక. ఎదురుచూస్తున్న ప్రతి ఇల్లాలినీ ఆమె ఇంటికి చేర్చుగాక. ఆమీన్.