లెక్కల పెట్టె తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

పాల సంఘ సభ్యులకు మనవి. పాల కొలత, వెన్న శాతం కంప్యూటరుకెక్కిన చోట ఆ లెక్కలు క్లౌడ్ డేటాబేసులో, అనగా దూరాన ఉన్న యంత్రాలలో ఉండవచ్చు. అవి చెరిగితే పదిహేను రోజుల పాల డబ్బుకు ఆధారం ఉండదు.

ప్రోగ్రాములు వ్రాసేవారు ఇప్పుడు ఏ.ఐ. సహాయకుడిని డేటాబేసుకు కలుపుతున్నారు. ఇందుకు 2024 నవంబరులో వెలువడిన ఎం.సి.పి. అనే పద్ధతి ఉంది. పని త్వరగా సాగుతుంది, ప్రమాదమూ ఉంది. 2025 జూలైలో అమెరికాలో, మార్పులు చేయవద్దని చెప్పినా, రెప్లిట్ వారి సహాయకుడు ఒక వ్యాపారవేత్త వాడుకలోని డేటాబేసును చెరిపివేసింది. నోటిమాట తాళం కాదు.

కనుక ఈ జాగ్రత్తలు పాటించాలి:

1. అసలు లెక్కలకు కాక, పేర్లు, ఖాతా నెంబర్లు మార్చిన నకలుకే కలపాలి.

2. చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి. దిద్దే, కొట్టివేసే అనుమతిని డేటాబేసులోనే నిలిపివేయాలి.

3. అది చేయబోయే ప్రతి పనినీ మనిషి చూసి సరేననాలి. ఫిర్యాదుల గడిలో ఎవరైనా "ఖాతాలన్నీ చూపు" అని వ్రాస్తే, దానినే ఆజ్ఞగా తీసుకోవచ్చు.

4. లెక్కల ప్రతిని రోజూ వేరొక చోట దాచాలి. అది తిరిగి తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు చూడాలి.

తనిఖీకి వచ్చినపుడు నగదు పెట్టె తెరిపించేది కార్యదర్శిపై అనుమానంతో కాదు. ఈ నాలుగు ప్రశ్నలూ అటువంటివే. మహాసభలో అడగండి.