డ్యాష్‌బోర్డు మీద ఆ ఎర్ర లైటు ఏం చెప్తోంది?

ఈ ఎపిసోడ్‌లో కారు దొంగతనాల గురించి మాట్లాడాం కదా. టైం లేక వదిలేసిన లైట్ల సంగతి ఇక్కడ రాస్తున్నా.

ముందు నా తెలివితక్కువతనం చెప్తా. చాండ్లర్ వచ్చిన కొత్తలో ఒక పాత కారు కొన్నా. తాళం ఒక్కటే ఇచ్చారు. చవకగా వస్తోందని మామూలు కొట్లో డూప్లికేట్ చేయించా. డోరు తెరుచుకుంది, ఇంకేం అనుకున్నా. ఎండాకాలం ఇక్కడ కాంక్రీట్ పని చీకటి ఉండగానే మొదలవుతుంది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ డూప్లికేట్‌తో స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు నడిచి ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. ఎర్ర లైటు మాత్రం టకటకా కొట్టుకుంటోంది. టోయింగ్ చేయిస్తే, మెకానిక్ ఫ్యూయల్ పంపు పోయిందన్నాడు. ఇంతలో రూమ్మేట్ అసలు తాళం తెచ్చి తిప్పాడు. బండి వెంటనే స్టార్ట్! ఆ రోజు జీతం, టోయింగ్ డబ్బులు పోయాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినోణ్ణి, నాకే తట్టలేదు.

సంగతేంటంటే, అసలు తాళం తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న కాయిల్ నుంచే దానికి కరెంటు అందుతుంది. చిప్ పంపే కోడ్‌ని కారు కంప్యూటర్ సరిచూసుకుంటుంది. కలవకపోతే ఇంజన్‌ని నడవనివ్వదు. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. అలారం అరుస్తుంది, అంతే. బండిని కదలనివ్వనిది ఇదే.

చాలా బండ్లలో ఆ లైటు చెప్పేది ఇది:

- బండి ఆపాక మెల్లగా మిణుకుతుంటే: సిస్టం కాపలా కాస్తోంది. రిపేరు కాదు.
- తాళం ఆన్ చేయగానే వెలిగి, కాసేపటికి ఆరితే: అంతా బాగుంది.
- ఆన్ చేశాక ఆరకుండా ఉన్నా, వేగంగా కొట్టుకున్నా: తాళాన్ని గుర్తుపట్టలేదు. ముందు రెండో తాళంతో చూడండి.
- నడుపుతుండగా వెలిగితే: సిస్టంలో లోపం. మామూలుగా బండి దారిలో ఆగదు, కానీ ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. నేరుగా మెకానిక్ దగ్గరికే పోండి.

బటన్ స్టార్ట్ బండి అయితే, రిమోట్‌లో బ్యాటరీ అయిపోయినా కంగారు వద్దు. చాలావాటిలో రిమోట్‌ని బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్ట్ అవుతుంది.

ఇంకోటి. కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అమెరికాలో అలా లేదు. అందుకే 2011 నుంచి 2021 దాకా ఇక్కడ అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో, తాళం తిప్పి స్టార్ట్ చేసే చాలావాటికి అది లేదు. 2022లో సోషల్ మీడియా వీడియోలు చూసి కుర్రాళ్లు వాటినే ఎత్తుకుపోయారు. 2023లో కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మొదలుపెట్టాయి. మన వాళ్లు కొనేది ఎక్కువగా సెకండ్‌హ్యాండే కాబట్టి, డీలర్‌కి విన్ నంబర్ చెప్పి అప్‌డేట్ అయిందో లేదో అడగండి.

కొనేటప్పుడు రెండు తాళాలూ అడగండి. రెండింటితోనూ ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక నిమిషం నడవనిచ్చి, ఆ తర్వాతే డబ్బులివ్వండి. ఒక్కటే ఉంటే, చిప్ తాళం ప్రోగ్రామ్ చేయించే ఖర్చు ధరలో తగ్గించమనండి. ఇక్కడ బండి కదలకపోతే మనకి ఆ రోజు పని లేనట్టే కదా.