నీటిలో మునుగువాని బరువు



కొంతకాలము క్రిందట నేను మా గ్రామమునకు పోయినప్పుడు రచ్చబండయొద్ద ఒక పెద్దవారు నన్నొక ప్రశ్న యడిగిరి. వారి మనుమడు విశాఖపట్టణము చేరువను ఋషికొండయొద్ద సముద్రములో మునుగు విద్య నేర్వదలచినాడట. "నాయనా, మా పిల్లలకు ఈత నేర్పునప్పుడు మేము నడుమునకు బెండ్లు కట్టితిమి, ఎండిన సొరబుఱ్ఱలు కట్టితిమి. ఈ విద్యలో నడుమునకు సీసము కట్టుదురట. అది మృత్యువును కట్టుకొనుట కాదా?" అని వారి ప్రశ్న. ఈ విద్యను కొన్ని యేండ్లుగా అభ్యసించుచున్నవాడను గావున, నాడు వారికి చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవించెదను.

బావిలో చేద నీటియందున్నంత సేపు త్రాడు తేలికగా నుండును. చేద నీటిని వీడి పైకి రాగానే చేతులకు బరువు తగులును. నీటిలోనున్న ప్రతి వస్తువును తాను తొలగించిన నీటి బరువెంతయో అంత బలముతో నీరు పైకి నెట్టుచుండుటయే దీనికి కారణము. వస్తువు బరువు ఆ బలముకంటె ఎక్కువయైన మునుగును, తక్కువయైన తేలును, సమానమైన ఉన్నచోటనే నిలుచును. ఈ మూడవ స్థితియే మునుగువానికి కావలసినది.

పూర్వము లోహపు శిరస్త్రాణము ధరించి సముద్రములోనికి దిగినవారు సీసపు అడుగులు గల చెప్పులు తొడిగి, రొమ్మున సీసపు పలకలు వ్రేలాడదీసి, నేలమీద నడిచెడివారు. వారికి కావలసినది మునుగుట. 1943వ సంవత్సరమున ఫ్రాన్సుదేశములో కూస్తో, గాన్యాన్ అను నిరువురు, వీపున గాలి సిలిండరు కట్టుకొని అవసరమైనంత గాలిని మాత్రమే పీల్చుకొను సాధనమును సిద్ధపరచిరి. నాటినుండి మునుగువాడు నేలమీద నడువక చేపవలె ఈదుచున్నాడు. నేడు స్కూబా యనబడునది ఇదియే. చేపవలె ఈదువానికి మునుగుటయు తేలుటయు రెండును శత్రువులే.

మరి సీసమెందుకు? చలికి తాళుటకై మునుగువాడు ధరించు రబ్బరు అంగీలో లెక్కలేనన్ని సూక్ష్మమైన గాలి బుడగలుండును. ఆ యంగీ బెండువలె తేలును. దానిని అణచుటకు సీసము కావలెను. కిలో సీసము నీటిలో సుమారు తొమ్మిదివందల పది గ్రాముల బరువు తూగును గావున కొద్దిపాటి ముక్కయే చాలును.

ఇందులో నొక చిక్కు కలదు. గాలికి బరువు లేదని మనము తలంతుము; కాని ఉన్నది. పదునొకండు లీటర్ల సిలిండరులో గాలిని రెండువందల రెట్లు అదిమి నింపిన, ఆ గాలియే రెండున్నర కిలోలకు పైగా తూగును. పీల్చినకొలది ఆ బరువు తరిగిపోవును. అల్యూమినియపు సిలిండరు నిండుగ నున్నప్పుడు కొంచెము మునుగును, ఖాళీయైన తేలును. ఉక్కుది సాధారణముగా ఖాళీయైనను మునుగుచునే యుండును. కావున దిగునప్పటి తూకమును బట్టి సీసము కట్టుకొన్నవాడు తిరిగివచ్చువేళకు తేలిక పడి, తనకిష్టము లేకున్నను పైకి తేలిపోవును. సీసము నిర్ణయింపవలసినది ప్రయాణారంభమును బట్టి గాదు, ముగింపును బట్టి.

"అట్లయిన నాలుగు కిలోలు అధికముగనే కట్టుకొన్న పోలేదా?" యని యడుగవచ్చును. క్రొత్తవారందరును చేయు తప్పు ఇదియే. అధికమైన సీసమునకు ప్రతిగా వాడు తన గాలిచొక్కాలో అధికమైన గాలి నింపుకొనవలసివచ్చును. ఆ గాలి నిలుకడగ నుండునది గాదు. పది మీటర్ల లోతున ఒక లీటరుగానున్న గాలి నీటి పైభాగమునకు వచ్చుసరికి రెండు లీటర్లగును. కొంచెము పైకి లేచినంతనే చొక్కా ఉబ్బును. ఉబ్బినకొలది వేగముగ లేపును. అట్లు లేచునప్పుడు భయముచే ఊపిరి బిగబట్టినచో లోపలి గాలియు వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. బరువెక్కువైనవాడు మునిగి చెడుటయే గాక తేలియు చెడును.

సరియైన తూకము తెలిసికొనుట సులభమే. సిలిండరులో గాలి నాలుగవవంతునకు తగ్గినప్పుడు అయిదు మీటర్ల లోతున, చొక్కాలోని గాలినంతయు విడిచి, మెల్లగా ఊపిరి తీయుచు, కదలక నిలువవలెను. లేవక, మునుగక యున్నచో తూకము కుదిరినట్లు. దిగుటకు ముందే చూచుకొనగోరువారు నీటి పైభాగమున నిట్టనిలువుగ నుండి మామూలు ఊపిరి పట్టవలెను; నీరు కన్నుల మట్టమునకు రావలెను; ఊపిరి విడువగానే తల మునుగవలెను. సిలిండరు నిండుగ నున్నచో, ఖర్చుకాబోవు గాలికై మరి రెండు కిలోలు చేర్చుకొనవలెను.

నీటిని బట్టియు తూకము మారును. మంచినీరు లీటరు ఒక కిలో తూగును. సముద్రపు నీరు ఉప్పుచే సుమారు ఇరువదియైదు గ్రాములు ఎక్కువ తూగును. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో పడవ మునిగిన దుర్ఘటన మీకు జ్ఞాపకముండును. అక్టోబరులో ఆ పడవను వెలికితీయునప్పుడు విశాఖపట్టణమునుండి వచ్చిన మునుగువారును తోడ్పడిరి. సముద్రమున కలవాటుపడినవాడు ఏటిలో దిగునప్పుడు, తన సరంజామాతో కూడి నూరు లీటర్ల చోటాక్రమించువాడైన, రెండున్నర కిలోల సీసము తగ్గించుకొనవలెను. మరచినచో అంత బరువు వృథాగా మోయుచు బురదలోనికి దిగును.

బరువెంత యనుటతో పని తీరదు. ఎక్కడ ననునదియు ముఖ్యమే. బండిలో బస్తాలన్నియు వెనుకకు వేసిన కాడి లేచి ఎద్దుల మెడలకు పలుపులు బిగియును. ముందుకు వేసిన మెడలు క్రుంగును. మునుగువాని సంగతియు అట్టిదే. సీసమంతయు నడుమునకే కట్టిన కాళ్ళు దిగజారి, ఈదుటకు బదులు నీటిలో నిలువుగ నడచుచున్నట్లుండును. గాలి త్వరగా ఖర్చగును. కావున కొంత నడికట్టున, కొంత వీపున సిలిండరు పట్టీ యొద్ద నుంచి, కుడియెడమలు సమముచేసి, శరీరము బల్లపరుపుగ నుండునట్లు సర్దుకొందురు.

ఇక తగిలించుకొను వస్తువుల మాట. అండమాను సముద్రమున నేను క్రొత్తగా దిగిన దినములలో టార్చి, కత్తి, పలక, త్రాటి చుట్ట, అన్నియు జాతరలో బొమ్మలమ్మువానివలె వ్రేలాడదీసికొంటిని. తిరిగివచ్చునప్పుడు నన్నెవరో వెనుకనుండి పట్టి లాగినట్లయ్యెను. ఎంత కాలు కొట్టినను ముందుకు సాగను. గేజి చూచితిని, గాలి తరుగుచున్నది. నా గురువు వచ్చి చూడగా, టార్చి కొక్కెము లంగరు త్రాటిని తనంతట తానే కరచుకొనియున్నది. అది ఒత్తినంతనే లోనికి తెరచుకొను కొక్కెము. ఆయన దానిని విప్పజూడలేదు. టార్చిని కొక్కెమునకు కట్టియున్న సన్నని దారమును కోసివేసెను, నేను విడివడితిని. "కట్టునది కోయుటకు వీలుగ కట్టుము" అని యొడ్డున నాకు చెప్పిన మాట నేటికిని మరువలేదు.

నాటినుండి నేను పాటించు నియమములివి. వస్తువును, దాని కొక్కెమును లోహముతో లోహము జతపరుపను, నడుమ దారముండవలెను. గొళ్ళెమువలె వెనుకకు లాగిన గాని తెరచుకొనని కొక్కెమునే వాడుదును. ఏదియు వ్రేలాడరాదు. గేజి ఎడమ తుంటియొద్ద, తోడివాని కిచ్చు రెండవ గాలినోరు గడ్డమునకును ప్రక్కటెముకలకును నడుమ, కత్తి రెండు చేతులకు నందుచోట నుండవలెను. నాటి ప్రయాణమున అక్కరలేని వస్తువు ఒడ్డుననే యుండవలెను. క్రొత్తగా ఒక టార్చి చేర్చినను సీసపు లెక్క మరల చూచుకొనవలెను.

కడపటి మాటయే అన్నిటికంటె ముఖ్యము. తూత్తుకుడి, సింహళ తీరములయందు ముత్యపు చిప్పలకై మునుగువారు బరువైన రాతికి కట్టిన త్రాటిలో పాదముంచి వేగముగ దిగెడివారు. అడుగు చేరగానే పాదము తీసి రాతిని విడిచెడివారు. పడవలోనివారు దానిని పైకి లాగుకొనెడివారు. దింపిన బరువును విడువగలుగుటయే ఆ విద్యలోని ప్రాణరక్షణము. నేటి సీసమునకును అదియే ధర్మము. నడికట్టు బకిలు ఒక్క చేతితో, కన్నులు మూసికొనియు, ఒక్క లాగుతో విడివడవలెను. దానిపై మరియొక పట్టీ రాకూడదు. నీటిలో మరణించిన వారిలో అనేకులు సీసము నడుమున నుండగనే దొరకిరి. విడిచినచో బ్రదుకుదురని వారెరుగక కాదు. ఆపదలో చేయి అలవాటైన పనినే చేయును. కావున ఒడ్డుననే పలుమార్లు విప్పుట అభ్యసింపవలెను.

ఆ పెద్దవారితో నేనిట్లంటిని: "సీసము మృత్యువు గాదు, బాబయ్యగారూ. లెక్క తెలియని సీసమును, విప్పరాని ముడియు మృత్యువు. మీ మనుమని పంపుడు. కాని నేర్పువారిని రెండు ప్రశ్నలడుగుడు: వీనికి ఇంత బరువే యేల? ఆపదలో దీనిని వీడెట్లు విడుచును?" ఈ రెంటికిని తడుముకొనక సమాధానము చెప్పి, చేసి చూపించువానియొద్ద మనుమని నిశ్చింతగా విడువవచ్చును.