ఫొటోలకు ఏ పెట్టె భద్రం?

పెగడపల్లి నుంచి కోరుట్ల, సిరిసిల్ల దాకా ఏ ఇంట్లో బీరువా తెరిచినా పెళ్లి ఆల్బమ్ పక్కన ఓ డీవీడీ ఉంటుంది. చిన్న డబ్బాలో రెండు మూడు పాత చిప్పులు, దుబాయ్ నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ ఒకటి కనిపిస్తాయి. వీటిలో ఏది ఎన్నాళ్లుంటుంది? దేన్ని నమ్మొచ్చు? కొన్ని విశేషాలు చదవండి.

● తొలి డిజిటల్ ఫొటో ఎక్కింది క్యాసెట్‌లోకే
1975లో కోడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా బొమ్మల్ని మామూలు క్యాసెట్ టేపు మీద దాచేది. 0.01 మెగాపిక్సెల్ నలుపు తెలుపు ఫొటో ఒక్కటి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. గల్ఫ్ పోయిన మనవాళ్లు ఉత్తరానికి బదులు మాటలు నింపి పంపింది కూడా క్యాసెట్లలోనే. వాటిలో చాలావాటికి టేపు ఇంకా బాగానే ఉండొచ్చు, వినడానికి టేప్‌రికార్డరే ఉండదు. ఫొటోలు దాచడానికి ఏ సాధనం కొన్నా దాన్ని చదివే యంత్రం పదేళ్ల తర్వాత దొరుకుతుందా అన్నది ముందే ఆలోచించాలి.

● టన్ను బరువు, ఒక్క పెద్ద ఫొటోకు చాలదు
1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్కు రామాక్ దాదాపు టన్ను బరువుండేది. 24 అంగుళాల పళ్లేలు 50 పేర్చినా అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, అంటే ఇప్పటి లెక్కన 4 ఎంబీ లోపే. నేటి ఫోన్‌తో పెద్ద సైజులో తీసిన ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టకపోవచ్చు.

● సీడీ ప్రాణం పైపొరలో
సీడీ అడుగు భాగం గీకుపడకుండా అందరూ జాగ్రత్త పడతారు. నిజానికి మన సమాచారమంతా పేరు రాసే పైవైపునే, పల్చటి పూత కింద ఉంటుంది. బాల్‌పెన్ గట్టిగా నొక్కి రాస్తే చాలు, డిస్కు చెడుతుంది. డీవీడీ నయం: 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పళ్లేలు రెండింటి నడుమ పొర భద్రంగా ఉంటుంది.

● డిస్కు ఎంత నిండిందో కంటికే తెలుస్తుంది
ఇంట్లో రాసిన డిస్కును వెలుతురులో వాల్చి చూడండి. నడిమి నుంచి బయటికి కొంతమేర రంగు తేడాగా ఓ వలయం కనిపిస్తుంది. లేజర్ ఆ మేరకు రంగుపొరను కాల్చిందన్నమాట. ఎండ, వేడి, తేమ పడనిది ఈ రంగుకే. కంపెనీ అచ్చు వేసి అమ్మే సినిమా డీవీడీలో సమాచారం గుంతల రూపంలో ఉంటుంది, రంగుతో పని లేదు. అందుకే స్టూడియోలో రాసిచ్చిన పెళ్లి డిస్కు ముందు మొరాయించినా, అదే వయసున్న సినిమా డిస్కు ఇంకా ఆడుతుంటుంది.

● వెయ్యేళ్ల డిస్కు ఉంది, రాసే డ్రైవే కరువు
రంగుపొర బదులు ఖనిజ పదార్థం వాడే ఎమ్‌డిస్క్ వెయ్యేళ్లుంటుందని తయారీదారుల మాట. కానీ కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవ్ కనపడటమే అరుదు. 2025 ఫిబ్రవరిలో సోనీ రాసుకునే ఖాళీ బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. ఈ దారి ఎంచుకుంటే యూఎస్‌బీతో తగిలించే డిస్కు డ్రైవ్ ఒకటి కొని డిస్కులతోపాటే దాచుకోవాలి.

● చిప్పులోని ఫొటో జారిపోయే రకం
పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎస్‌ఎస్‌డీ అన్నిటిలోనూ ఉన్నది తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీయే. అతి చిన్న గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి బొమ్మను దాస్తుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పక్కన పడేస్తే ఆ ఎలక్ట్రాన్లు మెల్లగా జారుకుంటాయి, వేడికి ఇంకా త్వరగా. వాడకం పరిమితికి వచ్చిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర, కరెంటు లేకుండా ఏడాదిపాటు సమాచారం నిలపాలన్నది పరిశ్రమ పెట్టుకున్న కొలమానం. మన దగ్గర మే నెల ఎండ 45 దాటుతుంది. చిప్పు ఫొటోలు మోసుకుపోవడానికి మంచిది, బీరువాలో పదేళ్లు దాచడానికి కాదు.

● 2 టీబీ పెన్‌డ్రైవ్, ఐదారు వందలకే!
చవగ్గా వచ్చిందని మురిసిపోకండి. లోపల చిన్న చిప్పు పెట్టి, కంప్యూటర్‌కు మాత్రం 2 టీబీ అని చూపించేలా మార్చిన నకిలీలు ఎన్నో. కాపీ అయినట్టే కనిపిస్తుంది, ఫైళ్ల పేర్లూ ఉంటాయి, తెరిస్తే బొమ్మ రాదు. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో నిండా రాయించి, తిరిగి చదివించి చూస్తే గుట్టు బయటపడుతుంది.

● హార్డ్ డిస్కుకు కిందపడటమే గండం
తిరిగే పళ్లెం పైన చదివే ముల్లు దాన్ని తాకకుండా తేలుతుంటుంది. ఆ సందు కొన్ని నానోమీటర్లే, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరుగుతున్నప్పుడు డిస్కు కిందపడితే ముల్లు పళ్లేన్ని గీకేస్తుంది. కదపకుండా వాడుకుంటే మాత్రం ఎక్కువ ఫొటోలకు తక్కువ ఖర్చులో దొరికేది ఇదే. నాలుగైదేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చుకోవాలి.

● పాతబడని టేపు
2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఖాతాలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. వేర్వేరు చోట్ల ఉన్న కాపీలకూ అదే లోపం తగిలింది. చివరికి గూగుల్ ఆ ఉత్తరాలను వెనక్కి తెచ్చింది ఎక్కడి నుంచో తెలుసా? మాగ్నెటిక్ టేపుల నుంచి! నెట్‌కు తగిలించి ఉండని కాపీ ఒకటి పక్కన ఉండాలన్నది అందుకే.

● క్లౌడ్‌లో వేశాం కదా అంటే...
2019లో మైస్పేస్ సైట్ సర్వర్లు మార్చే క్రమంలో పన్నెండేళ్లపాటు జనం పెట్టిన పాటలు, ఫొటోలు పోయాయని ఒప్పుకుంది. ఇక మన ఫోన్ సంగతి: గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన బొమ్మను ఆ యాప్‌లో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, ట్రాష్‌లో ఉండేది 60 రోజులే. రెండేళ్లు అసలే వాడని గూగుల్ ఖాతాను తొలగించే నిబంధన కూడా ఉంది. మస్కట్‌లో సిమ్ మార్చి, పాత ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

● వాట్సాప్ ఫొటో అసలు ఫొటో కాదు
మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మను కుదించేస్తుంది, ఎప్పుడు తీశారన్న వివరమూ పోతుంది. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.

● 9999 తర్వాత మళ్లీ 0001
కెమెరాలు ఫొటోలకు నాలుగంకెల నంబర్లే ఇస్తాయి. 9999 దాటగానే లెక్క మొదటికొస్తుంది. అక్క పెళ్లి ఫొటోలున్న ఫోల్డర్‌లోకే తమ్ముడి పెళ్లి ఫొటోలూ కాపీ చేస్తూ, ‘రీప్లేస్ చేయాలా?’ అని అడిగినప్పుడు సరే అని నొక్కారో, అక్క పెళ్లి సగం గల్లంతు. ఏడాది, ఊరు, సందర్భం పేరుతో వేరే ఫోల్డర్ పెట్టుకోండి.

● సినిమాను కాపాడిన ఇంటి కాపీ
1998లో ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా పిక్సార్‌లో ఎవరో పొరపాటున ఇచ్చిన ఆదేశంతో సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. చూస్తే బ్యాకప్‌లూ సరిగా లేవు. పసిబిడ్డను చూసుకుంటూ ఇంటినుంచి పనిచేస్తున్న ఉద్యోగిని గాలిన్ సస్‌మన్ కంప్యూటర్‌లో కాపీ ఉండబట్టి గట్టెక్కారు.

● 3-2-1 చెప్పింది ఫొటోగ్రాఫరే
మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో. ఈ సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్. మన ప్రాంతంలో దీన్ని పాటించడం తేలిక. ఇంట్లో ఒక హార్డ్ డిస్కు, క్లౌడ్‌లో ఒక కాపీ, సెలవుకొచ్చిన కొడుకు తిరిగి పోయేటప్పుడు సూట్‌కేసులో ఇంకో డిస్కు. ఒకే రోజు జగిత్యాలలో, షార్జాలో రెండు చోట్లా డిస్కు చెడిపోవడం చాలా అరుదు.

● గాజు పలకలు, గుట్ట బండ
ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన 1905లో పోయారు, పలకలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఇంకా పాతది కావాలంటే గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్టకు పోవాలి. క్రీ.శ. 945 నాటిదని చెప్పే జినవల్లభుడి శాసనంలో తెలుగు కంద పద్యాలు బండ మీద అలాగే ఉన్నాయి. ఆ రాతనంతా టైపు చేస్తే ఒక ఫొటో ఫైలులో నూరో వంతు కూడా రాదు. మన్నిక పెరిగితే పట్టేది తగ్గుతుంది, పట్టేది పెరిగితే కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది.

● ముందు ఏవి దాచాలి?
మళ్లీ తీయలేనివి. మిడ్ మానేరు జలాశయం కింద మునిగిన కొదురుపాక, చింతల్‌ఠాణా లాంటి ఊళ్ల పాత వీధులు ఇక ఏ కెమెరాకూ దొరకవు. మీ ఫోన్‌లో అలాంటివి ఉంటే, పువ్వులు, గుడ్ మార్నింగ్ బొమ్మలు తర్వాత చూసుకోవచ్చు, ముందు వాటిని మూడు చోట్ల పెట్టండి.

● ఇంటర్నెట్ పెద్దమనిషి సలహా
ఇంటర్నెట్‌కు పునాది వేసినవారిలో ఒకరైన వింట్ సెర్ఫ్, నిజంగా విలువైన ఫొటోలను కాగితంపై ప్రింట్ వేయించుకోమని 2015లో చెప్పారు. అంత పెద్దాయనే ఆ మాటన్నాక, ఎంత ఖర్చయినా సరే పెళ్లికి ఆల్బమ్ ఉండాల్సిందేనని పట్టుబట్టే మన అమ్మమ్మల మాట ఎలా కాదంటాం?