అడవి దారి ఎందుకు మూస్తారు?

ఏ.ఎస్. రావు నగర్ నుంచి నాచారం మీదుగా ఉప్పల్ చౌరస్తాకు మీరు నడిచి వెళుతున్నారనుకోండి. సుమారు రెండు గంటల నడక. దారిలో కాళ్ళు నొప్పి పుడితే ఏం చేస్తారు? దగ్గర్లో ఉన్న స్టాపుకు వెళ్ళి బస్సు ఎక్కేస్తారు. అదే రెండు గంటల నడక నల్లమల అడవిలో అయితే? ఎంత దూరం లోపలికి వెళ్ళారో అంత దూరమూ తిరిగి నడవవలసిందే. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఉగాదికి కర్ణాటక నుంచి ఎందరో భక్తులు వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలం వస్తారు. వారి కాలిదారి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల లోపలి నుంచి పోతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. సలేశ్వరం దారిని అటవీ శాఖ ఏటా కొద్ది రోజులే తెరుస్తుంది. "తాతల నాటి దారి కదా, నడిచేవాళ్ళను ఆపడమేమిటి?" అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వన్యప్రాణులకు అలజడి కలగకూడదన్నది ఒక కారణం. రెండో కారణం నిప్పు. దాని సంగతి చూద్దాం.

ఆకు ఎందుకు అంటుకుంటుంది?

ఏదైనా మండాలంటే మూడు కావాలి. మండే పదార్థం, ఆక్సిజన్, తగినంత వేడి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మంట ఉండదు.

పచ్చి ఆకును అగ్గిపుల్లతో ముట్టించి చూడండి. చిటపటలాడుతుంది గాని అంటుకోదు. ఎందుకు? దానిలో నీరుంది. మరుగుతున్న నీటిలో ఒక గ్రామును ఆవిరి చేయడానికే 540 కేలరీల వేడి కావాలి. అగ్గిపుల్ల ఇచ్చే వేడంతా ఆ పనికే ఖర్చయిపోతుంది. ఎండుటాకులో ఆ అడ్డు లేదు. వేడంతా ఆకును జ్వలన ఉష్ణోగ్రతకు చేర్చడానికే పనికివస్తుంది.

నల్లమల చాలావరకు ఆకురాల్చే అడవి. టేకు, మద్ది, తునికి వంటి చెట్లు వేసవిలో నీటిని పొదుపు చేసుకోవడానికి ఆకు రాలుస్తాయి. ఫిబ్రవరి వచ్చేసరికి నేల మీద ఎండుటాకులు పరచుకుంటాయి. గడ్డి ఎండి నిలబడి ఉంటుంది. అంటే మూడింటిలో రెండు సిద్ధం. మూడోది, ఆ కాస్త వేడి, ఎక్కడి నుంచి వస్తుంది? వెదుర్లు రాసుకుని నిప్పు పుడుతుందని చెప్పుకుంటారు. కాని మన దేశంలో అడవి మంటలు ఎక్కువ భాగం మనుషుల వల్లనే పుడుతున్నాయి. ఆర్పకుండా పారేసిన బీడీ, వదిలేసిన వంట పొయ్యి, ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద పెట్టిన మంట, ఇలాంటివే కారణాలు.

మంటకు కొండ ఎక్కడం సులువు

మాస్టారిని పక్కన ఉంచుకుని, బకెట్‌తో నీళ్ళు పెట్టుకుని ఒక ప్రయోగం చేయండి. ఒకే కొలత గల రెండు కాగితపు ముక్కలు తీసుకోండి. ఒక్కొక్కదాన్ని పట్టకారుతో ఏటవాలుగా పట్టుకోండి. ఒకదానికి కింది చివర, రెండోదానికి పై చివర నిప్పంటించండి. ఏది ముందు కాలిపోయింది? కింద అంటించినదే. వేడి గాలి తేలికై పైకి పోతుంది. దీన్నే సంవహనం అంటారు. పై భాగం మంట తగలకముందే వేడెక్కి సిద్ధంగా ఉంటుంది. కొండవాలు మీద జరిగేదీ ఇదే. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు మంట వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క.

మనిషి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. చదునైన నేల మీద గంటకు 4, 5 కిలోమీటర్లు నడిచేవాడు కొండ ఎక్కేటప్పుడు అందులో సగమైనా నడవలేడు.

2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ఈ లెక్క ఎంత కఠినమైనదో తెలిసింది. కొండదారిలో నడకకు వెళ్ళిన బృందాలను ఎండుగడ్డిలో లేచిన మంట చుట్టుముట్టింది. 20 మందికి పైగా మరణించారు. ఆ తరువాత తమిళనాడు ప్రభుత్వం కొండనడకలకు నియమాలు చేసింది.

ఉపగ్రహం చూస్తుంది కదా?

చూస్తుంది. "వీర్స్" అనే పరికరం ఉన్న ఉపగ్రహాలు నేల నుంచి వచ్చే పరారుణ కిరణాలను బట్టి మంటలను పసిగడతాయి. ఆ సమాచారాన్ని భారత అటవీ సర్వే సంస్థ అటవీ సిబ్బందికి సెల్‌ఫోన్లలో పంపుతుంది. కాని ఈ ఉపగ్రహాలు మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్ళీ అర్ధరాత్రి దాటాక. మూడు గంటలకు లేచిన మంట వాటి కంటబడాలంటే రాత్రి కావాలి. ఈలోగా అడవిలో ఉన్న బాటసారి మాటేమిటి?

ఇప్పుడు మొదటి సంగతికి వద్దాం. మీరు రోడ్డు నుంచి 10 కిలోమీటర్లు లోపల ఉన్నారు. బయటపడడానికి రెండు గంటలకు పైనే కావాలి. మంట మీకు అంత గడువు ఇవ్వదు. దారి మూయడం అడవిని కాపాడడానికే కాదు, ముందుగా మిమ్మల్ని కాపాడడానికి.

అందుకే వేసవికి ముందు అటవీ సిబ్బంది ఆకులు ఊడ్చి, గడ్డి తీసి "ఫైర్ లైన్లు" వేస్తారు. మండే పదార్థం లేని ఆ గీత దగ్గర మంట ఆగిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో నిప్పు పెట్టడం, మంటను ఆర్పకుండా వదిలిపోవడం నేరం.

తెరిచిన రోజుల్లో పెద్దలతో వెళ్ళినా కొన్ని గుర్తుంచుకోండి. అగ్గిపెట్టె తీసుకుపోవద్దు. నూలు బట్టలు కట్టుకోండి. నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొగ కనబడితే వెంటనే వెనుదిరగండి. మంట కింద ఉంటే కొండ పైకి పరుగెత్తకండి. పక్కకు తప్పుకుని బండరాళ్ళు, వాగు ఇసుక, అప్పటికే కాలి చల్లారిన నేల ఉన్న చోటు వెతకండి. అక్కడ మండడానికి ఏమీ మిగలదు.

ఇంకొక మాట. మనకు ఆ అడవి రెండు రోజుల ప్రయాణం. పెంటల్లో ఉండే చెంచులకు అదే ఇల్లు. ఇంటివాళ్ళు పొయ్యి ఆర్పమంటే అతిథి ఆర్పడా?