వేలికి లొంగిన కదలిక

మే నెలలో నూజివీడు చుట్టుపక్కల ఏ మామిడి తోటకు వెళ్లినా లారీలకు కాయ ఎక్కుతూ ఉంటుంది. గట్టున నిలబడ్డ వ్యాపారి ఫోన్ తీసి ధరల మెసేజీలు చూస్తుంటాడు. బొటనవేలితో ఒక్క విసురు విసిరితే జాబితా జర్రున పరిగెడుతుంది. చిన్న రసాల ధర కనబడగానే వేలు ఆనిస్తాడు, పరుగు ఠక్కున ఆగుతుంది. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది.

కార్టూన్ సినిమాలో ప్రతి కదలికనూ ముందే గీసి పెట్టుకుంటారు. ఫోన్ తెరకు ఆ వీలు లేదు. వేలు ఎప్పుడు, ఎక్కడ అడ్డుపడుతుందో ఎవరికి తెలుసు? అందుకే ప్రోగ్రాం రెండే సంగతులు గుర్తుపెట్టుకుంటుంది: జాబితా ఇప్పుడు ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది. ఆపై ప్రతి ఫ్రేముకూ లెక్క కొత్తగా కట్టుకోవడమే. ఐఫోన్‌లో మామూలు స్క్రోలింగ్ వేగం ప్రతి మిల్లీసెకనుకూ 0.998 వంతుకు తగ్గుతుంది. అంటే వేలు తీసిన సెకనుకు మిగిలేది దాదాపు 13 శాతమే.

తెర మీది గీత చేతి వెంట కదలడం 1963 నాటికే సాధ్యమైంది. ఎంఐటీ విద్యార్థి ఇవాన్ సదర్లాండ్ తన ‘స్కెచ్‌ప్యాడ్’లో లైట్ పెన్నుతో ఆ పని చేసి చూపించాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1993లో, బే-వెయ్ చాంగ్, డేవిడ్ ఉంగర్ కార్టూన్ చిత్రకారుల మెలకువలను కంప్యూటర్ తెరకు తెచ్చారు. 2007లో ఐఫోన్ రాకతో అది జనం చేతికొచ్చింది. జాబితా చివరికొచ్చి కదలకుండా ఆగిపోతే, ఫోన్ బిగుసుకుపోయిందేమోనన్న అనుమానం వస్తుంది. ఆపిల్‌లో బాస్ ఆర్డింగ్ దానికో విరుగుడు కనిపెట్టాడు: అంచు దాటి కాస్త సాగి, వెనక్కి సర్దుకోవడం. 2012లో శాంసంగ్ మీద జ్యూరీ వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం వేసిన ఆపిల్ దావాలో దీని మీది పేటెంటూ ఒకటి. ఇంత చిన్న సర్దుబాటు కోసం కోర్టుకెక్కారా అనిపిస్తుంది గానీ, అది లేని ఫోన్ వాడి చూస్తే ఆ గొడవ అర్థమవుతుంది.

ఆ సర్దుబాటు వెనక ఉన్నది స్ప్రింగు లెక్క. మామిడి కొమ్మను వంచి వదిలితే ఏమవుతుంది? కాయ బరువున్నది నిదానంగా ఊగుతుంది, బిరుసుది చటుక్కున లేస్తుంది, గాలి అడ్డు ఆ ఊపును మెల్లగా మింగేస్తుంది. బరువు, బిరుసు, అడ్డు. ఈ మూడు అంకెలు మారిస్తే తెర స్వభావమే మారుతుంది. అడ్డు సరిగ్గా సరిపోతే ఒక్క ఊగు కూడా లేకుండా చోటికి చేరుతుంది. సగం దారిలో పట్టుకుని మళ్లీ వదిలితే, చేతి వేగం ఎంతుందో స్ప్రింగు అక్కడి నుంచే మొదలవ్వాలి. సున్నా నుంచి మొదలైతే కంటికి కుదుపు తెలిసిపోతుంది.

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లే గడువు. ఎండకు కాలిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, ఫ్రేములు జారిపోతాయి. ‘ఫ్రేముకు ఇన్ని చుక్కలు’ అని రాసిన ప్రోగ్రాం అయితే జాబితా కూడా నత్తనడక నడుస్తుంది. కాబట్టి ఫ్రేముల్ని కాదు, గడిచిన సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అందులోనూ ఒక మడతపేచీ ఉంది. ఫోన్ అరసెకను తడబడితే, ఆ అరసెకనునూ ఒక్క అంగలో లెక్కగట్టిన స్ప్రింగు శక్తి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, జాబితా తెర దాటి ఎగిరిపోతుంది. అనుభవమున్నవాళ్లు ఆ సమయాన్ని చిన్న చిన్న సమాన ముక్కలుగా కోసి లెక్కిస్తారు.

ఇంతా చేస్తే, కదలికలు ఎక్కువైతే కొందరికి కళ్లు తిరుగుతాయి. 2013లో ఐఫోన్‌కు వచ్చిన ఐఓఎస్ 7లోని జూమ్‌ల మీద ఆ ఫిర్యాదులే వచ్చాయి. ఇప్పుడు ఫోన్ సెట్టింగుల్లో కదలికలు తగ్గించే మీట ఉంది. దాన్ని నొక్కితే చాలా ఊగులూ జూమ్‌లూ పోతాయి. వేలి వెంట జాబితా మాత్రం ఎప్పటిలాగే కదులుతుంది.