ఆయిల్ కారేది ఒకచోట, దుమ్ము దూరేది మరోచోట

పత్తికట్టె పీకిన చేలల్లో వేసవి దుక్కులు, కల్లాల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీల తోలకం మొదలైతే ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతాల్లో ట్రాక్టరుకు తీరిక ఉండదు. చిలకలూరిపేటలోనో మార్టూరులోనో మెకానిక్ షెడ్డు ముందు ఆ రోజుల్లో తరచుగా వినిపించే మాట, ‘ఇంజను ఆయిల్ కారుతోంది’. ఇంజను పైన వాల్వులను కప్పే టాపెట్ కవరు అంచున తడి చేరి, దాని మీద నల్లమట్టి పేరుకుని ఉంటుంది. ప్యాకింగ్ మార్చి, చుట్టూ అనాబాండ్ సిలికాన్ లేపనం పట్టించి పంపిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే తడి కనిపిస్తే టాపెట్ కవరును వదిలి, గాలి లోపలికి పోయే దారిని, అంటే ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌ను చూడాలి.

ఈ అనుమానం సులువుగా రాదు, కారణం ఇంజను అమరికలో ఉంది. అమెరికన్ వి-8 ఇంజన్లలో రెండు వరుసల సిలిండర్ల నడుమ ఒక పల్లం ఉంటుంది. వాల్వులను నడిపే భాగాలను తడిపిన ఆయిల్ అందులోకి జారుతుంది. చాలా పాత నమూనాల్లో ఆ పల్లానికి మూత ఇన్‌టేక్ మేనిఫోల్డే. ప్యాకింగ్ ముందు వెనుక కొసల్లో సరిగా కూర్చోకపోతే ఆయిల్ నేరుగా బయటికి వస్తుంది. మన ట్రాక్టర్లలో సిలిండర్లు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. మేనిఫోల్డ్ సిలిండర్ హెడ్‌కు పక్కగా బిగించి ఉంటుంది, అందులో నడిచేది గాలి. ఆయిల్ లేనిచోట ఆయిల్ లీకేజీకి కారణం వెతకాలని ఎవరికి తోస్తుంది?

అయితే ఆ గాలితో పాటు దుమ్ము దూరవచ్చు. ఎంతో లెక్క వేసి చూద్దాం. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. సిలిండర్లు పూర్తిగా నిండవన్న తరుగు తీసేసినా నిమిషానికి రమారమి 2000 లీటర్లు, గంటకు 120 ఘనపు మీటర్లు. గొర్రు వెనుక దుమ్ము కమ్మినప్పుడు ఘనపు మీటరు గాలిలో ఒక గ్రాము ధూళి ఉందనుకుంటే గంటకు 120 గ్రాములు ఎయిర్ క్లీనర్ దాకా వస్తాయి. క్లీనర్ దానిలో దాదాపు అంతటినీ పట్టేస్తుంది. కానీ క్లీనర్ దాటాక మేనిఫోల్డ్ ప్యాకింగ్‌లో సందు ఉండి, నూటికి ఒక వంతు గాలి అక్కడి నుంచి దూరితే, గంటకు గ్రాముకు పైగా ధూళి వడపోత లేకుండా సిలిండర్లకు చేరుతుంది. క్లీనర్‌ను శుభ్రం చేయక మూసుకుపోనిస్తే ఇంకా కష్టం. లోపలి పీడనం మరింత తగ్గి, ఇంజను ఆ సందు నుంచే ఎక్కువ లాగుతుంది.

నల్లరేగడి ధూళిలో ఎక్కువ పాలు మెత్తని బంకమన్నే. నష్టమంతా దానితో కలిసి ఉండే క్వార్ట్జ్ రేణువులది. మోహ్స్ కొలమానంలో క్వార్ట్జ్ కాఠిన్యం 7, పోత ఇనుప లైనరు అంతకన్నా మెత్తన. రింగుకు, లైనరుకు మధ్య ఆయిల్ పొర మందం మైక్రాన్లలో ఉంటుంది. దానికంటే కాస్త పెద్ద రేణువు ఆ పొరను దాటి రెండు లోహాలనూ గీరుతుంది. రింగులు అరిగాక మండిన వాయువు పిస్టన్ పక్కల నుంచి కిందికి దిగి క్రాంక్ కేసులో చేరుతుంది. బ్రీదర్ గొట్టం దాన్ని వదిలించలేనప్పుడు లోపల పీడనం పెరిగి, ఎక్కడ పట్టు తక్కువగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను నెడుతుంది. టాపెట్ కవరు ప్యాకింగ్, క్రాంక్ వెనుక సీలు అలాంటి చోట్లే.

మేనిఫోల్డ్ ప్యాకింగ్ బిగించడం చిన్న పనిగా కనిపిస్తుంది, అందుకే తొందరలో చెడుతుంది. ప్యాకింగ్‌కు జిగురుతో పట్టు రాదు. బోల్టుల బిగువు రెండు లోహాల మధ్య దాన్ని నొక్కితే, ఉపరితలాల మీది సూక్ష్మమైన గీతల్లోకి అది కూరుకుంటుంది. ఆ నొక్కుడు అన్నిచోట్లా సమానంగా ఉండాలి. పాత ప్యాకింగ్ ఒకసారి నలిగి ఒక రూపానికి వచ్చేసింది కనుక దాన్ని తిరిగి వేయడం దండగ. ముందు ఇన్‌టేక్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, మొద్దు స్క్రేపరుతో పాత ముక్కలు గీకాలి. ఎమెరీ కాగితంతో రుద్దకూడదు, దాని పొడి లోపలికి రాలితే మనమే దుమ్ము పోసినట్టు. తర్వాత మేనిఫోల్డ్ ముఖం మీద తిన్నని స్టీలు పట్టీ నిలిపి ఫీలర్ గేజితో చూడాలి. ఎంతవరకు వంకర చెల్లుతుందో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. దాటితే ఎంత లేపనం పూసినా లాభం లేదు, ముఖాన్ని చదును చేయించాల్సిందే. బోల్టులు నడుమ నుంచి కొసలకు, రెండు మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు సరిపోతాయి, అయినా పుస్తకంలోని అంకెదే తుదిమాట.

సిలికాన్ లేపనం గురించి గట్టిగానే చెప్పాలి. దానికి తగిన చోట్లు ఉన్నాయి, మేనిఫోల్డ్ కాగితపు ప్యాకింగ్ అంచు వాటిలో ఒకటి కాదు. ఎక్కువైన లేపనం లోపలికి ఉబికి, ముక్కగా ఊడి, గాలితో వాల్వు దాకా పోవచ్చు. టాపెట్ కవరులో అదే జరిగితే ముక్క ఆయిల్‌తో కిందికి దిగి పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. పైగా అది గాలిలోని తేమతో నెమ్మదిగా గట్టిపడే పదార్థం. రాసిన వెంటనే ఇంజను తిప్పితే పట్టు చెడుతుంది.

మిరప రైతు భుజాన మోసే రెండు స్ట్రోకుల స్ప్రేయర్‌లో కథ మారుతుంది. ఆయిల్ పెట్రోలులోనే కలిసి కార్బురేటరు మీదుగా పోతుంది కనుక ఇన్‌టేక్ ప్యాకింగ్ చెడితే ఆ అతుకు దగ్గరే జిడ్డు చేరుతుంది. అదే సందు నుంచి అదనపు గాలి చేరితే మిశ్రమం పలచబడి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. 2021-22లో నల్ల తామర పురుగు తోటల మీద పడినప్పటిలా రోజుల తరబడి మందు కొట్టాల్సి వస్తే, ఆ జిడ్డును తుడిచి ఊరుకోకూడదు.

మళ్లీ ట్రాక్టరుకు వస్తే, మేనిఫోల్డ్ ప్యాకింగ్‌లోని సందును పట్టడానికి సబ్బు నురగ పూసి చూసేవారున్నారు. డీజిల్ ఇంజను పీల్చే పట్టు స్వల్పం కనుక అది ఎప్పుడూ నమ్మదగింది కాదు. మేనిఫోల్డ్ ఊడదీసి లోపలి గోడలు చూడటం మేలు. ఎయిర్ క్లీనర్ గొట్టం శుభ్రంగా ఉండి, ప్యాకింగ్ అంచు నుంచి మాత్రమే సన్నని మట్టి చార ఒక రంధ్రంలోకి సాగి ఉంటే, దుమ్ము దూరింది అక్కడే. ఆ సిలిండరు కంప్రెషన్‌ను కొలిచాకే, ప్యాకింగ్‌తో సరిపోతుందో రింగులు కూడా వేయాలో తేల్చవచ్చు.